గుఱ్ఱమునకు గంతు నేర్పుట



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దములు, సమాసములు చెప్పి విశ్రాంతి పొందిన తెలుగు పండితుడు గుఱ్ఱములనుగూర్చి ప్రసంగించుట మీలో కొందఱకు వింతగా తోపవచ్చును. నాకును వింతగానే యున్నది. నేను రౌతును గాను. నా జన్మములో గుఱ్ఱమెక్కిన దినములను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. కాని వానిలో ఒక దినమును ఏబదియేండ్లుగా మఱవలేకున్నాను. దానిని గూర్చియు, దానివలన తెలిసికొన్న సంగతులను గూర్చియు చెప్పుటకే నేడిచ్చటికి వచ్చితిని.

దీనికి ప్రేరణ నా మనుమడు. వాడు కుప్పమున చదువుచున్నాడు. 2021లో టోక్యో నగరమున ఒలింపిక్సు క్రీడలు జరిగినపుడు బెంగుళూరువాడైన ఫవాద్ మిర్జా యను రౌతు సెన్యోర్ మెడికాట్ అను గుఱ్ఱమునెక్కి పోటీచేసి, చివరి గంతుల పందెమువఱకు పోయి, ఇరువదిమూడవ స్థానమును పొందెను. ఇరువదియేండ్ల తరువాత ఒలింపిక్సు గుఱ్ఱపుస్వారిలో నిలిచిన భారతీయుడాతడు. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో అదే గుఱ్ఱముమీద వెండి పతకమును తెచ్చినవాడును ఆతడే. ఆ చిత్రమును చూచుచు నా మనుమడు, "తాతా, అంత ఎత్తు దుంగ ఎదురుగా కనబడుతూంటే అది ఎందుకు బెదరదు?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నాలో నేను చాలసేపు ఉలికిపడితిని. ఏలయన, నేను పదునొకండేండ్ల వాడనై యుండగా ఒక మంచి తట్టువకు బెదరు నేర్పినవాడను నేనే.

మన ప్రాంతమునకు గుఱ్ఱము క్రొత్తది కాదు. మదనపల్లెకు ఉత్తరముగా గుఱ్ఱముకొండ యున్నది. ఆ కోటకు ఒక గుఱ్ఱము కావలియనియు, అది కొండమీద నున్నంతకాలము కోట పగవారికి చిక్కదనియు ఆ వైపువారు చెప్పుకొందురు. హైదరాలీ కాలమున ఆ కోట మైసూరువారి చేతిలో నుండెను. మైసూరు బలములో రౌతులకున్న ప్రఖ్యాతి చరిత్ర చదివినవారెఱుగుదురు. నా చిన్ననాటికి ఆ వైభవమంతయు పోయి జట్కాలు మిగిలినవి. మదనపల్లె రోడ్డు అను రైలుస్టేషను పట్టణమునకు కొన్ని మైళ్ళ దూరమున నున్నది గదా. బస్సులు పెరుగకమునుపు రైలు దిగినవారికి జట్కాయే దిక్కు. నేడు మూడుచక్రాల ఆటోలు వచ్చి ఆ గంటల చప్పుడును మాన్పించినవి. ఇప్పుడు గుఱ్ఱమును చూడవలెనన్న పెండ్లి ఊరేగింపే గతి. టపాసులు, వాద్యములు, కన్నులు మిఱుమిట్లు గొలుపు దీపములు. వాని నడుమ వరుని మోయుచు, చెమటలు క్రమ్మి, కళ్ళెమును కొఱుకుచు నడచు ఆ జంతువును చూచినపుడు నాకు విందు రుచింపదు. ఇది నా వ్యక్తిగతాభిప్రాయము, పెండ్లివారు మన్నింతురుగాక.

మా మేనమామ ఆయుర్వేద వైద్యుడు. పుంగనూరు నుండి మదనపల్లెకు పోవు దారికి ఎడముగా నున్న ఒక పల్లె ఆయనది. నా తండ్రి చిన్నతనముననే పోవుటచే నేనును అమ్మయు ఆయన యింటనే యుంటిమి. ఆయనకు మోకాళ్ళ నొప్పి. నడచి పల్లెలు తిరుగలేక కుప్పము వైపు సంతలో ఒక తట్టువను కొనెను. అది ఎఱుపు డాలు గలది, నుదుట తెల్లని చుక్క. నా తలకంటె నాలుగు వ్రేళ్ళే యెక్కువ. పుంగనూరు ఆవులు మూడడుగుల యెత్తైనను లేకుండుట మీరెఱిగినదే. వానిప్రక్క మా తట్టువ ఐరావతమువలె నుండెడిది. మామయ్య దాని సుడులను పరీక్షించియే కొన్నాడట. మన అశ్వశాస్త్రములలో సుడులకును, వన్నెలకును గొప్ప స్థానమున్నది. పదునైదవ శతాబ్దమున మనుమంచి భట్టు అను కవి హయలక్షణవిలాసమను కావ్యమునే తెలుగున వ్రాసెను. శాలిహోత్రుని పేర సంస్కృతమున నున్నది సరే సరి. కాని లక్షణము వేఱు, శిక్షణము వేఱు. భారతములో బాహుకుడై యున్న నలుడు ఋతుపర్ణునకు ఏఱి తెచ్చిన గుఱ్ఱములు చూపునకు బక్కవి; రాజు వానిని చూచి సందేహించెను. వానితోనే నలుడు ఒక్క పగటిలో విదర్భకు చేర్చెను.

మా పల్లెకు తూర్పున ఒక వంక. వంకకు ఈవలి గట్టున చెఱువునుండి వచ్చు ఱాతికట్టడపు కాలువ. వెడల్పు మూడున్నర అడుగులు, లోతు నడుముబంటి. బండ్లు మైలు చుట్టు తిరిగి పోవును. మనుష్యులు దాటుదురు. తట్టువయు దాటును. ఎట్లు దాటెడిదో నేను వేయిమాఱులు చూచితిని. అంచునకు పది బారల దూరమున నడక తగ్గించి, తల క్రిందికి వంచి, చెవులు ముందుకు నిక్కించి, ఒక్క క్షణము చూచెడిది. మామయ్య పగ్గము వదలి ఊరకుండెడివాడు. అది తనకు తాను లెక్కచూచుకొని, కుందేలువలె తేలికగా ఆవలికి పోయెడిది. ఆవల మెడమీద చేత చఱచుట, "సరి" యని యొక మాట. అంతే.

ఒకనాడు మామయ్య పగటినిద్రలో నుండగా, ఇద్దఱు తోడి బాలురకు నా ప్రతాపమును చూపనెంచి తట్టువకు జీను వేసి తెచ్చితిని. చేత చింతబరికె. కాలువ దగ్గఱకు రాగానే అది ఎప్పటివలె నడక తగ్గించి తల వంచినది. బాలురు నవ్విరి. "దానికి భయంరా" అనిరి. నాకు సిగ్గయ్యెను. పగ్గమును గట్టిగా పైకి లాగి, దాని తల ఆకాశమునకెత్తించి, తొడమీద బరికెతో కొట్టితిని. అది చూడకయే దూకెను. వెనుకకాలు అంచుఱాతికి తగిలెను. ఆవలిగట్టున మోకాళ్ళపై పడెను. నేను దాని మెడమీదుగా పోయి పడగా ఎడమ మణికట్టు విఱిగెను. నేటికిని వానమబ్బు పట్టినచో అది నన్ను పిలుచును.

ఇంటికి పోయి, తట్టువ తానే కాలు జాఱి పడినదని చెప్పితిని. బరికె మాట చెప్పలేదు. బాలురును చెప్పలేదు.

అటుపిమ్మట తట్టువ మాఱినది. కాలువ ఏబది బారల దూరమున నుండగానే మెడ చెమర్చును. ఒకప్పుడు అంచువఱకు పిచ్చిగా ఉఱికి అక్కడ హఠాత్తుగా ప్రక్కకు తిరిగిపోవును. ఒకప్పుడు కాళ్ళు పాతినట్లు నిలిచిపోవును. మామయ్య దానిని కొట్టువాడు కాడు. బ్రతిమాలును, కాసేపు నిలుచును, దిగి నడిపించును, ఫలము లేదు. వయసు మీఱినదేమో అని ఆయన అనుకొనెను. నేను వినుచు ఊరకుంటిని.

ఒక రాత్రి ఆవలి పల్లెనుండి ఒకడు లాంతరు పట్టుకొని పరుగున వచ్చెను. ఆఱేండ్ల పిల్లవానికి జ్వరము, ఈడ్పులు. మామయ్య మందులపెట్టె తీసికొని తట్టువనెక్కి బయలుదేరెను. కాలువకడ అది నిలిచిపోయెను. చీకటిలో దానితో కొంతసేపు పెనగులాడి, తుదకు దానిని అక్కడనే కానుగచెట్టునకు కట్టి, ఆ మోకాళ్ళతో మూడుమైళ్ళు నడచెను. ఆయన చేరునప్పటికి కోడి కూసినది. పిల్లవాడు అంతకు కొంచెము ముందే పోయెను. తాను త్వరగా చేరియుండినచో బ్రతికెడివాడో కాదో చెప్పలేనని మామయ్య మఱునాడు అమ్మతో ననుచుండగా వింటిని. తట్టువను అమ్మివేసెదనని కూడ ఆయన ఆనాడే యనెను.

దానిని చూచుటకు మదనపల్లె నుండి ఒక ముసలి జట్కాసాయిబు వచ్చెను. ఆయన భార్యకు మామయ్య వైద్యము చేసియుండెను. బక్కపలుచని మనిషి, గడ్డము తెల్లనిది, మాట మెల్లనిది. ఆయన మొదట తట్టువ నోరు తెఱచి పండ్లు చూచెను. తరువాత నడుముమీద వ్రేళ్ళతో ఒత్తుచు పోయెను. ఒకచోట అది చర్మమును వణికించెను. జీను క్రింద పుండు కాబోవుచున్నది, మేము చూడలేదు. గిట్టలెత్తి చూచెను, వెనుక నొకటి పగిలియున్నది. తరువాత దానిని కాలువకడకు నడిపించి, అది చేయు పనియంతయు చూచి, తిరిగి వచ్చి మామయ్యతో ననెను:

"ఇది ముసిలిదైందని ఎవురు జెప్పినారు సామీ? దీనికింకా తొమ్మిదేండ్లు నిండలేదు. దీన్నెవురో అంచుకాడ కొట్టినారు."

మామయ్య, "మా యింట దానిని కొట్టువారు లేరు సాయిబూ" అనెను.

సాయిబు నావైపు చూడలేదు. తట్టువ మెడ నిమురుచు ఊరకుండెను. నేను ఏడ్చితిని. ఏడ్చుచు అంతయు చెప్పితిని. మామయ్య ఎంతసేపటికిని ఏమియు మాటలాడలేదు. తుదకు, "లోపలికి పోయి మీ అమ్మతో చెప్పు" అనెను. అంతకన్న ఒక దెబ్బ వేసినచో నాకు సుఖముగా నుండెడిది.

సాయిబు తట్టువను కొనలేదు. నలుబది దినములు, ఒక మండలము, తనకు వీలైన సాయంకాలములందు వచ్చి దానిని బాగుచేసెదననెను. ఒక నిబంధన పెట్టెను. "కొట్టిన చెయ్యే నిమరాల. చిన్నసామి నాతో ఉండాల." ఆ మండలములో నేను చూచినది ఇప్పుడు వరుసగా చెప్పెదను; గుఱ్ఱము లేనివారికి కోడెదూడ యుండును గదా, దానికిని ఇందులో చాలభాగము వర్తించును.

మొదటి పది దినములు పాఠమే లేదు. జీను వేయలేదు. నడుమునకు మందు, గిట్టకు లాడము, ఉలవలు, విశ్రాంతి. నొప్పియున్న జంతువు గంతు వేయననుట మొండితనము కాదని ఆయన మతము. ఇప్పటి అశ్వవైద్యులును అదియే చెప్పుదురు. దాటనని మొఱాయించు గుఱ్ఱమునకు ముందు వీపు, పండ్లు, కాళ్ళు, జీను పరీక్షింపవలెను, పిమ్మటనే శిక్షణము. బడిలో అక్షరము కనబడక తడబడు పిల్లవానిని సోమరి యని బెత్తముతో కొట్టిన ఉపాధ్యాయులలో నేనును ఒకడను. కంటిఅద్దములు వచ్చిన తరువాత వాడు తరగతిలో మొదటివాడయ్యెను. ఆ సంగతి తలచినపుడెల్ల సాయిబు వ్రేళ్ళు తట్టువ నడుముపై ఒత్తుట నాకు కనబడును.

పదునొకండవ దినమున వంకకు చాల దూరముగా, మా కళ్ళములో, ఒక సరుగుడు వాసమును నేలమీద పడవేసెను. దానిని ఎత్తలేదు. తట్టువను త్రాటితో నడిపించుచు దానికడకు తెచ్చి, త్రాడు వదులుచేసి నిలిచెను. అది ముక్కు సాచి వాసన చూచెను, గుఱ్ఱుమనెను, వెనుకకు రెండడుగులు వేసెను. ఆయన లాగలేదు, తిట్టలేదు, దానిని త్రిప్పి తీసికొనిపోనును లేదు. ముఖము వాసమువైపే యుండునట్లు మాత్రము చూచుకొని, నడుమునుండి సంచి తీసి ఒక తాంబూలము వేసికొనెను. తాంబూలము పండునప్పటికి తట్టువ ఒక నిట్టూర్పు విడిచి, తల దించి, పెదవులు నమలుచు, వాసమును దాటెను. మెడ చఱచి, నాలుగు ఉలవలు పెట్టి, "నేటికింతే" అనెను. నాకు ఆశ్చర్యము. ఇంకను ప్రొద్దుండగా మానుటయేల? బాగుగా చేసినపుడే ఆపవలెననియు, విసిగినవఱకు చేయించినచో దానికి జ్ఞాపకముండునది విసుగే యనియు ఆయన చెప్పెను.

తరువాత వాసములు మూడైనవి. దుడుకునడకకు సరిపడ మూడున్నర అడుగుల యెడముతో పఱచెను. ఇది మా తట్టువ అంగకు సరిపోయిన కొలత. పెద్దజాతి గుఱ్ఱములకు నాలుగు మొదలు నాలుగున్నర అడుగులు పెట్టుదురు. ఎడము సరిగానున్న గుఱ్ఱము అడుగు లెక్కించుటకు అలవడును. తల దించును, వీపు వదులగును, తొందర తగ్గును. నేను ఉద్యోగవిరమణానంతరము బెంగుళూరు సమీపమున ఒక స్వారి పాఠశాలను చూడబోయినపుడు అచ్చట రంగులు వేసిన కొయ్యలను సరిగా ఆ విధముగనే నేలపై పఱచియుండుట చూచి నిలువబడిపోతిని. మా సాయిబు ఏ గ్రంథమును చదివినవాడు కాడు.

ఇరువదవ దినము నాటికి వాసములను ఇటుకలమీద జానెడెత్తు లేపెను. అప్పుడొక చిక్కు వచ్చినది. తట్టువ వాసమును చూడగానే ఉఱుక నారంభించెను. నేను సంతసించి, "తాతా, దానికి ఉత్సాహము వచ్చింది" అంటిని. సాయిబు తల త్రిప్పెను. "ఉత్సాహం గాదు చిన్నసామీ, బయం. గండం ఎప్పుడు దాటిపోతుందా అని పరుగు." ఈ మాటను నేను నా జీవితములో ఎన్నియో చోట్ల ఉపయోగించుకొంటిని. అడ్డుమీదికి దూసుకొనిపోవు గుఱ్ఱమును చూచి ధైర్యశాలి యని మెచ్చుకొనువారే లోకమున మెండు. అట్టిదానిని పగ్గముతో బిగబట్టినచో నోరు నొచ్చి ఇంకను ఉఱుకును. వదలివేసినచో లెక్క తప్పి పడును. సాయిబు చేసినదేమనగా, వాసమునకు ముందు పెద్ద వలయముగా నడిపించుట. ఒకమాఱు, రెండుమాఱులు, ఊపిరి నెమ్మదించువఱకు. ఒకప్పుడు వాసమువఱకు పోయి దాటకయే నిలిచి, మెడ నిమిరి, వెనుదిరుగుట. ఒకప్పుడు దాని ప్రక్కగా పోవుట. వాసము కనబడినంతమాత్రమున దూకవలసిన పనిలేదని దానికి తెలియవలెను. అయిదారు దినములలో ఉఱుకు తగ్గెను.

ఇక కంటి సంగతి. దీనిని నేను తరువాత చదివి తెలిసికొంటిని. గుఱ్ఱమునకు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది ఇంచుమించు చుట్టును చూడగలదు. కాని నుదుటికి ఎట్టయెదుట, ముక్కు క్రింద, తోకవెనుక చూపు ఆనదు. అందుచేత అడ్డునకు మిక్కిలి దగ్గఱకు వచ్చినపుడు ఆ అడ్డు దాని చూపునుండి తొలగిపోవును. దూకునది జ్ఞాపకముమీదనే. ఆ జ్ఞాపకమును సంపాదించుకొనుటకే మా తట్టువ పది బారల దూరమున తల వంచి చూచెడిది. నేను సరిగా ఆ క్షణముననే పగ్గము లాగి దాని చూపును హరించితిని. పైగా గుఱ్ఱపుకన్ను ఎండనుండి నీడకు వచ్చినపుడు కుదురుకొనుటకు మనకంటె ఎక్కువసేపు పట్టును. మా కాలువమీద కానుగనీడ యుండెను. రంగులలో నీలము, పసుపు దానికి బాగుగా తెలియును; ఎఱుపు, ఆకుపచ్చ వేఱుగా తెలియవు. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు దీనిని పరిశోధించిన మీదట, అక్కడి పందెపు కంచెలకు నారింజవన్నెకు మాఱుగా తెలుపు వేయ నారంభించిరి. మనుష్యులు తమ కంటికి ఇంపైన రంగును అన్నేండ్లు గుఱ్ఱమునకు చూపుచుండిరన్నమాట.

గ్రీకుదేశమున జెనొఫన్ అను సేనాని క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున గుఱ్ఱపుస్వారినిగూర్చి గ్రంథము వ్రాసెను. గుఱ్ఱముకడకు కోపముతో పోరాదనియు, బలవంతమున చేయించిన పనిని అది తెలిసి చేయదనియు, కొట్టి ఆడించిన నర్తకుని ఆట యెట్టిదో అదియు నట్టిదే యనియు ఆయన మతము. గోయి దాటుట నేర్పుటకు రౌతు ముందు తాను ఆవలికి పోయి త్రాటితో పిలువవలెనని చెప్పెను. ఇంతవఱకు మా సాయిబునకును ఆయనకును భేదము లేదు. అయితే అది మొఱాయించినచో వెనుకనుండి ఒకనిచే గట్టిగా కొట్టింపుమనియు ఆయనయే వ్రాసినాడు. అచ్చట నేను సాయిబు పక్షము.

మన అమరములో గుఱ్ఱపు నడకలు అయిదు: ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము. ప్లుతమనగా గంతు. బడిలో వీనిని వల్లింపజేసితినే గాని, ప్లుతమున రౌతు ఎట్లు కూర్చుండవలెనో నాకు తెలియదు. ప్రపంచమునకును చిరకాలము తెలియలేదు. ఇటలీదేశమున ఫెడెరికో కాప్రిల్లి యను సైనికాధికారి, 1868లో పుట్టినవాడు, దానిని కనిపెట్టెను. అంతకుముందు రౌతులు గంతులో వెనుకకు వాలి పగ్గము బిగించెడివారు. దానివలన బరువు గుఱ్ఱపు నడుముమీద పడును, కళ్ళెము నోటిని కోయును. అట్టి గుఱ్ఱమునకు గంతనగా నొప్పి యని అర్థము. కాప్రిల్లి రికాబులమీద లేచి ముందుకు వంగి, చేతులు గుఱ్ఱపు మెడవెంట పోనిచ్చి, దాని మానాన దానిని దూకనిచ్చెను. 1907లో ఆయన గుఱ్ఱముమీదినుండి పడియే మరణించెను. ఆయన నేర్పిన పద్ధతి లోకమంతయు వ్యాపించినది. 1949 ఫిబ్రవరి 5వ తేదీన చిలీదేశమున లారాగీబెల్ అను కెప్టెను, పరుగుపందెములకు పనికిరాదని తోసివేసిన హువాసో అను గుఱ్ఱముతో 2.47 మీటర్లు, అనగా ఎనిమిదడుగులకు పైన, మూడవ ప్రయత్నమున దాటించెను. ఆ యెత్తును నేటివఱకు ఏ గుఱ్ఱమును మించలేదు.

కళ్ళమునకు తిరిగి వత్తము. ముప్పదవ దినమున సాయిబు చేనిలో అడుగు వెడల్పున ఒక బోదె త్రవ్వించెను, పిమ్మట రెండడుగులు, పిమ్మట దానిలో నీరు పెట్టించెను. తన జట్కాగుఱ్ఱమును ముందు దాటించి, మా తట్టువను వెనుక వదలెను. తోడున్నచో వానికి ధైర్యము. మంద జంతువులు గదా. సంక్రాంతి దినములలో కుప్పము వైపు పల్లెలలో ఎద్దులను బెదరించి వీధిలో పరుగెత్తించు వేడుకలో కూడ ఒకటి ఉఱికినచో తక్కినవన్నియు ఉఱుకుట చూతుము. వెఱపు ఎట్లు అంటుకొనునో, నెమ్మదియు అట్లే అంటుకొనును.

తరువాత అయిదు దినములు దానిని వంకగట్టునకు తోలుకొనిపోయి కాలువ ప్రక్కన మేపితిమి. దాటింపలేదు. ఉలవలు సరిగా ఆ ఱాతిఅంచున పోసి తినిపించితిమి. మొదటి దినమున అది ఉలవలను ముట్టలేదు. రెండవ దినమున మెడ సాచి తిని వెనుకకు గెంతెను. నాలుగవ దినమున అంచుననే నిలిచి తీరికగా నమలెను.

నలుబదవ దినమున సాయిబు నన్ను జీనుమీదికెక్కించెను. నా మణికట్టునకు కట్టు విప్పి కొన్ని దినములే యైనది. మామయ్య కానుగచెట్టు క్రింద నిలిచియుండెను. "పగ్గం వదులు. జూలు పట్టుకో. కాలవ దిక్కు జూడొద్దు, అవతల చెట్టు జూడు" అని సాయిబు చెప్పి ప్రక్కకు తప్పుకొనెను. నా చేతులు వణకుచుండెను. ఆ వణకు జూలునుండి దానికి తెలియుచునే యుండును. అది నాలుగడుగులు వేసి నిలిచెను. నా ప్రాణము పోయినట్లయ్యెను. కాని అది తల వంచుటకై నిలిచినది. చెవులు ముందుకు నిక్కినవి. మునుపటివలెనే ఒక్క క్షణము చూచెను. తరువాత నా క్రింద ఒక తరంగము లేచినట్లై, ఆవలిగట్టు వచ్చినది.

మెడ చఱచవలెనని కూడ నాకు తోపలేదు. ఈవలనుండి సాయిబు అఱచి చెప్పగా చఱచితిని.

మామయ్య మెల్లగా కాలువ దాటి వచ్చి, పగ్గము చేత పట్టుకొని, తిరిగి యింటికి పోవుటకు మాఱుగా ఆవలి పల్లెవైపు నడచెను. నేను జీనుమీదనే యుంటిని. ఎచ్చటికని అడుగలేదు. మూడుమైళ్ళు పోయిన పిమ్మట ఒక పెంకుటింటి ముందర నిలిచెను. లోపలినుండి ఒకామె వచ్చెను. మామయ్య ఆమె అత్తగారి దగ్గునుగూర్చి అడిగి, పెట్టె తెఱచి పొడి కట్టి యిచ్చుచుండెను. ఆమె లోపలికి పోయి చేటలో గుప్పెడు ఉలవలు తెచ్చి, కొంగుతో దుమ్ము విదిలించి, తట్టువ మూతికి పట్టెను. అది తినుచుండగా దాని నుదుటి చుక్కను వ్రేలితో రాయుచు, "మా వానికి దీన్ని జూస్తే శానా ఇష్టం సామీ" అనెను. మామయ్య తల యెత్తలేదు. నేను దిగుటకు కాలు రికాబునుండి తీసి, మఱల పెట్టుకొంటిని.